నార్వే దారిలో 29 లాకులు: కాలెడోనియన్ కాలువకి నా మార్కులు

ఐదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్క మార్కు సంగతి తర్వాత చెప్తాను. బ్రిటన్‌లో ఉంటూ పడవల సరదా పట్టుకున్న తెలుగువాళ్ళు ఈమధ్య బాగానే తయారయ్యారు. 'సముద్రం దాటేముందు ఆ కాలువలో వెళ్తే డబ్బు దండగా, కాదా?' అని వాళ్ళు అడుగుతుంటే విడివిడిగా జవాబు చెప్పలేక ఇది రాస్తున్నాను.

స్కాట్లాండ్‌ని పడమర నుంచి తూర్పుకి ఐమూలగా కోసినట్టు ఒక లోయ ఉంటుంది. గ్రేట్ గ్లెన్ అంటారు. ఆ లోయలో ఫోర్ట్ విలియం పక్కనున్న కార్పాక్ దగ్గర మొదలై, ఇన్వర్‌నెస్ పక్కనున్న క్లాక్‌నహారీ దగ్గర మళ్ళీ ఉప్పునీళ్ళలో కలుస్తుంది ఈ కాలువ. మొత్తం 60 మైళ్ళు. అందులో మనుషులు తవ్వింది 22 మైళ్ళే. మిగతాదంతా లాకీ, ఆయిక్, నెస్, డాక్‌ఫర్ అనే నాలుగు సరస్సులు. దారిలో 29 లాకులు (నీటిమట్టం పెంచి, తగ్గించి పడవని ఎక్కించే, దించే తలుపుల గదులు), పడవ వస్తే పక్కకి తిరిగే వంతెనలు పది.

నేనెవరో కూడా చెప్పాలి. మాది ఆత్రేయపురం వైపు, లొల్ల లాకులకి దగ్గర ఊరు. మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. సెలవుల్లో ఆయన సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని గట్టు వెంట తిరిగినదాన్ని. ఎక్కడన్నా లాకు తలుపు కారుతున్నా, గట్టు మీద తుమ్మమొక్క మొలిచినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఇక్కడి కొండలు, కోటలు, పొగమంచు గురించి రాసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. నేను లాకుల దగ్గరే ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి.

పడవ మా స్కిప్పర్‌ది, అంటే మా పడవ కెప్టెన్‌ది. అబర్డీన్‌లో మా ఆఫీసులోనే నాకు పై అధికారిగా చేసి రిటైరైన స్కాటిష్ ఆవిడ. 34 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ యాట్, అంటే తెరచాప పడవ. చలికాలమంతా పడమటి తీరంలోని ఓబన్ దగ్గర ఒడ్డు మీద పెట్టించారు. దాన్ని నార్వేలో స్టావంగర్‌కి చేర్చాలి. పడవలో ఆవిడ, నేను, మావారు. మావారిది కరీంనగర్. సముద్రం మీద రాత్రి గడపడం ఆయనకి ఇదే మొదలు.

ఓబన్ నుంచి నార్వే వైపు వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి, స్కాట్లాండ్ నెత్తి మీదుగా కేప్ రాత్ అనే కొస చుట్టి, పెంట్‌లండ్ ఫర్త్ అనే సముద్రపు ఇరుకు గుండా వెళ్ళడం. ఆ ఫర్త్‌లో పోటు, పాటు సమయాల్లో ప్రవాహం పది నాట్స్ (గంటకి పది నాటికల్ మైళ్ళు) దాటుతుంది. మా పడవ ఇంజిన్, తెరచాప రెండూ కలిపి కష్టపడినా ఆరు. లెక్క మీరే వేసుకోండి. రెండోది ఈ కాలువ. తొందరపడితే మూడు రోజుల్లో దాటేయొచ్చు. మేం వారం పైనే తీసుకున్నాం, కావాలనే.

'కాలువలో అన్నాళ్ళు నిమ్మళంగా గడపడం ఎందుకు, వాతావరణం బాగున్నప్పుడే త్వరగా సముద్రంలోకి వెళ్ళిపోవచ్చుగా' అని అడిగాడు మా తమ్ముడు వాట్సాప్‌లో. నా జవాబు ఇది. చలికాలమంతా ఒడ్డున కూర్చున్న పడవలో ఏం పాడైందో కదిలేదాకా ఎవరికీ తెలియదు. కదిలాక అది సముద్రం మధ్యలో బయటపడితే దేవుడే దిక్కు. కాలువలో బయటపడితే గట్టు పక్కనే ఏ82 రోడ్డుంది, ఫోన్ చేస్తే మెకానిక్ వ్యాన్ వేసుకుని వస్తాడు. ఈ కాలువకి కట్టే డబ్బుని నేను దారి ఖర్చు కింద రాయను, పడవకి హెల్త్ చెకప్ ఖర్చు కింద రాస్తాను. మనుషులకి కూడా.

కార్పాక్‌లో చేరడం

లిన్నీ అనే సముద్రపు పాయలో ఉత్తరంగా వస్తే కారన్ ఇరుకు తగులుతుంది. అక్కడ ప్రవాహం వేగం జోరుగా ఉంటుంది, పోటు చూసుకుని దాటాలి. అది దాటితే కార్పాక్. ఎదురుగా 1,345 మీటర్ల బెన్ నెవిస్, బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ. మేం వచ్చిన రోజు దానికి నడుం దాకా మబ్బు.

రేడియోలో ఛానల్ 74 మీద పిలిస్తే లాకు వాళ్ళు పలుకుతారు. సముద్రపు లాకు తలుపులు తెరిచి లోపలికి రమ్మంటారు. లైసెన్స్ రుసుము పడవ పొడవు మీద, మీటరుకింత అని. ఏటా మారుతుంది కాబట్టి అంకె కోసం వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోండి. ఆ డబ్బులో లాకులు, వంతెనలు, రాత్రుళ్ళు పడవ కట్టేసుకునే పాంటూన్లు (నీళ్ళ మీద తేలే బల్లలు), స్నానాల గదులు వచ్చేస్తాయి. వేడినీళ్ళ షవర్ విలువ చిన్న పడవలో కొన్నాళ్ళు గడిపినవాళ్ళని అడగండి.

సరుకులు ఇక్కడే నింపుకోవాలి. ఫోర్ట్ విలియంలో పెద్ద సూపర్‌మార్కెట్లున్నాయి. ఆ తర్వాత ఇన్వర్‌నెస్ దాకా దొరికేవి చిన్న కొట్లే. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి అబర్డీన్ నుంచే మోసుకొచ్చాం.

నెప్ట్యూన్ మెట్లు

కార్పాక్ నుంచి మైలు దూరంలో బానవీ. అక్కడ రైలు వంతెన, రోడ్డు వంతెన ఒకదాని తర్వాత ఒకటి పక్కకి తిరిగి దారి ఇచ్చాక, ఎనిమిది లాకులు వరుసగా, ఒకదాని పై తలుపే ఇంకోదాని కింది తలుపుగా కొండెక్కుతూ కనిపిస్తాయి. దీన్నే నెప్ట్యూన్స్ స్టెయిర్‌కేస్ అంటారు. పడవని 64 అడుగులు పైకి ఎత్తుతుంది. ఎక్కడానికి సుమారు గంటన్నర.

నేను చూస్తూ పెరిగిన లాకులు విడివిడి లాకులు. పడవ వస్తుంది, నీళ్ళు నిండుతాయి, అవతలికి పోతుంది. ఇలా ఎనిమిది గొలుసుగా ఉంటే లెక్క తేడాగా ఉంటుంది. పై గదిలోంచి దింపిన నీళ్ళే కింది గదిని నింపాలి. ఒకచోట తప్పితే కింద పొర్లుతుంది, లేదా పైన అడుగు తేలుతుంది. అందుకే ఎక్కే పడవలు, దిగే పడవలు వంతులవారీగా. అక్కడి లాకు కీపర్‌ని అడిగితే చేతిలో రేడియో, కళ్ళు నీళ్ళ మట్టం మీద పెట్టుకునే ఓపికగా అంతా వివరించాడు. ఇప్పుడంతా హైడ్రాలిక్స్, మీట నొక్కితే తలుపు కదులుతుంది. 1960ల దాకా మాత్రం గుండ్రటి రాట్నాలకి కర్రలు దూర్చి మనుషులే చుట్టూ తిరుగుతూ తిప్పేవారట. నాన్నకి వీడియో కాల్‌లో తలుపులు చూపించాను. ఆయన అందం గిందం ఏమీ అడగలేదు. "కింది తలుపు మడం దగ్గర ఎంత కారుతోంది?" అన్నారు. చూపించాను. "పర్లేదు, బాగా చూసుకుంటున్నారు" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

పడవలో ఉన్నవాళ్ళకి పని ఎలా ఉంటుందంటే, ఎక్కేటప్పుడు లాకు అడుగున చీకటి గోడల మధ్య మనం ఎక్కడో కింద ఉంటాం. ముందు తాడొకటి, వెనక తాడొకటి పైకి అందించాలి. తలుపుల్లో నీళ్ళు వదిలే షట్టర్లు లేపగానే నీళ్ళు ముందు వైపు నుంచి తన్నుకొస్తాయి. పడవ ముక్కు పక్కకి కొట్టుకుపోవాలని చూస్తుంది. ముందు తాడు పట్టుకున్నవాళ్ళకే అసలు పరీక్ష. తాడుని పడవ మీదున్న వించ్ అనే చిన్న రాట్నానికి ఒక చుట్టు చుట్టి, పడవ లేచేకొద్దీ వదులు లాగుతూ ఉండాలి. మొదటి రెండు గదుల్లో ముందు తాడు మావారి చేతిలో ఉంది.

"ఏమండీ, వదలకండి!"

"వదుల్తలేను, చేతులు మండుతున్నయి ఇక్కడ!"

మూడో గదికి వచ్చేసరికి స్కిప్పర్ ఏమీ అనకుండా ఆయనకి తోలు గ్లోవ్స్ తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత నేను గట్టెక్కి, తాడు చేత్తో పట్టుకుని పడవని ఒక గది నుంచి ఇంకో గదికి ఆవుని తోలుకెళ్ళినట్టు నడిపించుకెళ్ళాను. నిజంగా అలాగే చెయ్యమంటారు, ఇంజిన్ మెల్లగా తిరుగుతుంటుంది అంతే. గట్టు మీద చూడటానికి వచ్చిన జనం. ఒక పెద్దాయన నన్ను ఇండియా నుంచా అని అడిగి, మీ దేశంలో ఇలాంటివి ఉన్నాయా అన్నాడు. ఉన్నాయి, మా ఇంటి దగ్గరే ఉన్నాయి అంటే నమ్మలేదు. లొల్ల లాకుల ఫోటో ఫోన్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను.

పై గది దాటాక లాకు కీపర్లకి పూతరేకులు ఇచ్చాను. మా పిన్ని ఆ నెలలోనే వస్తూ తెచ్చినవి. సగం నలిగిపోయాయి గానీ, కాగితం తింటున్నానేమో అని భయపడుతూ కొరికి, రెండోది అడిగినవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఆ కీపర్లకే ఈ సమీక్షలో ఎక్కువ మార్కులు. గోడ మీద నుంచి కిందికి వంగి మన తాడు అందుకోవడం, కొత్తవాళ్ళెవరో చూపుతోనే పసిగట్టి వాళ్ళని గోడ వైపు పెట్టడం, గొంతు పెంచకుండా చెప్పడం. సర్కారు కొలువులో ఇంత తీరికగా నవ్వేవాళ్ళని చూడటం నాకు కొత్త.

దీన్ని ఎందుకు తవ్వారంటే

1803లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. నెపోలియన్ యుద్ధాల కాలం. ఉత్తరం చుట్టూ తిరిగే వర్తక ఓడలకి ఒకవైపు తుఫాన్లు, ఒకవైపు ఫ్రెంచి దోపిడీ ఓడల భయం. ఇక్కడి కొండ ప్రాంతాల జనం పొలాల నుంచి వెళ్ళగొట్టబడి పొట్ట చేతపట్టుకుని కెనడాకి, అమెరికాకి పోతున్నారు, వాళ్ళకి పని చూపించాలన్నది ఇంకో కారణం. ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్, సలహాదారు విలియం జెస్సప్. ఏడేళ్ళలో అయిపోతుందన్నారు. తెరిచింది 1822లో. అప్పటికి వాటర్లూ యుద్ధం ముగిసి ఏడేళ్ళయింది. ఓడలు పెద్దవైపోయాయి, ఆవిరివి వచ్చేశాయి. పైగా అనుకున్నంత లోతు తవ్వలేదు. మళ్ళీ మూసి, బాగుచేసి, 1847లో తిరిగి తెరిచారు. మా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలెట్టింది కూడా అదే 1847లో. నాన్నకి ఈ మాట చెప్తే, "అయితే ఆ ఏడు ఇంజనీర్లకి బాగా పని దొరికిందన్నమాట" అన్నారు.

వర్తకానికి ఈ కాలువ ఎన్నడూ పెద్దగా కలిసి రాలేదు. ఇవాళ దీన్ని బతికిస్తున్నది మాలాంటి యాట్లు, సెలవులకి పడవ అద్దెకి తీసుకునే కుటుంబాలు, గట్టు మీద నడిచేవాళ్ళు. మన వైపు లాకుల్లోంచి ధాన్యం పడవలు పోవడం ఆగిపోయాక వాటికి మిగిలింది సినిమా షూటింగులే. ఇక్కడ పడవలే ఆగలేదు. తేడా అంతే, కానీ ఆ తేడా వల్ల తలుపులకి రంగు, గ్రీజు అందుతున్నాయి.

పంపు కారింది, మంచిదే అయింది

బానవీ పై నుంచి గెయిర్‌లాకీ దాకా ఆరు మైళ్ళ కాలువ. ఎడమ పక్క కొండ నుంచి దిగే వాగుల్ని టెల్ఫర్డ్ కాలువ కిందనుంచి రాతి కమానుల్లో దాటించాడు. మన వైపు అండర్ టన్నెళ్ళు ఉంటాయే, అవే. రెండు వందల ఏళ్ళుగా వాగు కింద, పడవ పైన. పడవలో కూర్చుంటే తెలియదు, గట్టు దిగి వెళ్ళి చూడాలి. మేం దిగి చూశాం. ఈ కాలువలో వేగం ఐదు నాట్స్ మించకూడదు, గట్లు కోసుకుపోతాయని. కాబట్టి పడవలో వంట ప్రశాంతంగా సాగుతుంది. ఆ పూట పప్పుచారు, బంగాళాదుంప వేపుడు. రాత్రి తోడేసిన పాలు చలికి పేరుకోవని ఇంజిన్ గది పక్కన తువ్వాలు చుట్టి పెట్టాను. పొద్దున్నకి గడ్డ పెరుగు.

ఆ పెరుగు గిన్నె తియ్యబోతేనే చూశాను, ఇంజిన్ కింద తడి. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపు సీల్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. లాకీ సరస్సు మధ్యలో చుక్కలు కాస్తా ధార అయ్యాయి. స్కిప్పర్ ఇంజిన్ ఆపేసి తెరచాప ఎత్తింది. లాగన్ లాకుల దాకా గాలితోనే వచ్చి, పాంటూన్‌కి కట్టేసి ఫోన్ చేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఒక కుర్రాడు వ్యాన్‌లో కొత్త సీలు పట్టుకుని దిగాడు. మార్చేశాక ఆ పాత సీలు అరచేతిలో పెట్టి చూపించాడు, ఎండిన నిమ్మతొక్కలా విరిగిపోతోంది. ఇది నార్త్ సీలో గాలి పడిపోయినప్పుడు బయటపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

అదే రాత్రి వాన. మావారి తలగడ తడిసింది. ముందు పక్క పైమూతకి రబ్బరు వదులైందని అలా తెలిసింది. స్కిప్పర్ సంబరపడిపోయింది, ఇంకోటి దొరికిందని. "తలకాయ నాది తడిస్తే ఆమెకేం సంతోషం?" అని మావారు నా చెవిలో గొణిగారు.

లాగన్ లాకులు ఎక్కితే ఆయిక్ సరస్సు. ఇదే శిఖరం, సముద్రమట్టానికి 106 అడుగుల ఎత్తు. లాగన్ దగ్గర కాలువని బాగా లోతుగా కోశారు. రెండు గట్ల మీద చెట్లు ఎత్తుగా పెరిగి నీళ్ళ మీద నీడ పడుతుంది. ఫోటోలు తీసుకునేవాళ్ళు ఇక్కడ తీసుకోండి, అందం గురించి నేను రాసే వాక్యం ఇదొక్కటే. ఆయిక్ చిన్న సరస్సు, గుర్తులు పెట్టిన దారి తప్పి పక్కకి పోతే మట్టిలో కూరుకుంటారు. గట్టున ఏడు తలల బావి అని ఒక స్మారకం ఉంది. 1663లో జరిగిన జంట హత్యలకి ప్రతీకారంగా ఏడుగురిని చంపి, ఆ తలల్ని ఈ నీళ్ళలో కడిగి దొరకి పట్టుకెళ్ళారట. పల్నాటివాళ్ళకి ఈ కథ వెంటనే అర్థమవుతుంది.

ఫోర్ట్ ఆగస్టస్, తర్వాత నెస్

ఆయిక్ దాటాక దిగుడే. కలాకీ, కైట్రా అని ఒక్కో లాకు. ఆ తర్వాత ఫోర్ట్ ఆగస్టస్ ఊరి నడిబొడ్డున ఐదు లాకుల మెట్లు. దిగడం సుఖం. నీళ్ళు తన్నవు, పడవ లిఫ్టులో కూర్చున్నట్టు జారుతుంది. ఒక్కటే జాగ్రత్త, తాడు ముడి వెయ్యకూడదు. ముడేస్తే నీళ్ళు దిగిపోతాయి, పడవ తాటికి వేలాడుతుంది. మా వెనకాల అద్దె పడవలో ఒక కుటుంబం సరిగ్గా అదే చేసింది. కీపర్ ఒక్క అరుపుతో షట్టర్ దించేశాడు, పిల్లాడు తాడు విప్పాడు, అందరూ నవ్వేశారు.

ఊరు టూరిస్టు ఊరు. లాకుల పక్కనే బల్లలు వేసుకుని తాగేవాళ్ళు, చేపలు చిప్స్ తినేవాళ్ళు, మన పడవ దిగడాన్ని టీవీ సీరియల్‌లా చూస్తారు. చేప బాగుంది. ఉప్పు, కారం మన దగ్గర ఉంటాయిగా.

నెస్ సరస్సుని చాలామంది కాలువలో భాగమే అనుకుని తేలిగ్గా తీసుకుంటారు. తీసుకోకండి. 23 మైళ్ళ పొడవు, లోతు 230 మీటర్ల దాకా. ఇంగ్లండ్, వేల్స్ సరస్సుల నీళ్ళన్నీ కలిపినా దీనంత లేవు. కుళ్ళిన మొక్కలతో ఏర్పడే పీట్ మట్టి వల్ల నీళ్ళు టీ డికాషన్ రంగు. ఒడ్డు దగ్గర కూడా నిలువు లోతు కాబట్టి లంగరు వేసే చోట్లు తక్కువ. నైరుతి గాలి లోయ పొడవునా గొట్టంలోంచి వచ్చినట్టు వస్తుంది. మేం బయల్దేరిన మధ్యాహ్నం అదే జరిగింది. చిన్న తెరచాప ఒక్కటే విప్పి పరిగెత్తాం. వెనక నుంచి పొట్టి పొట్టి అలలు, ఒకదాన్ని ఒకటి తరుముతూ. లోపల అలమర గడియ ఊడి ప్రెషర్ కుక్కర్ దొర్లింది, కందిపప్పు పొట్లం పగిలింది. చుక్కాని దగ్గర మావారు ముఖం పాలిపోయి, పలకరిస్తే తల మాత్రం ఊపారు. రాక్షసి గురించి అడగొద్దు, చూసే తీరిక ఎవరికీ లేదు. ఒడ్డున అర్కార్ట్ కోట శిథిలాలు, అదే ఒడ్డున రోడ్డు పక్కన జాన్ కాబ్ స్మారకం ఉన్నాయి. 1952లో నీళ్ళ మీద వేగం రికార్డు కోసం ఈ సరస్సులోనే జెట్ పడవ నడుపుతూ చనిపోయాడాయన.

సముద్రానికి రిహార్సల్ అన్నది ఆ మధ్యాహ్నమే. గడియలు మార్చాం. ఏ వస్తువు ఎక్కడ పెడితే ఎగరదో తెలిసింది. మావారికి ఏ మాత్ర పడుతుందో, ఎన్ని గంటల ముందు వేసుకోవాలో తెలిసింది. స్కిప్పర్ గొంతు ఎప్పుడు మామూలుగా ఉంటుందో, ఎప్పుడు నిజంగా తొందరో నాకు తెలిసింది. ఇవన్నీ ఒడ్డు కనిపిస్తుండగా నేర్చుకోవడమే ఈ దారిలో గిట్టుబాటు.

ఇన్వర్‌నెస్, ఆ తగ్గిన మార్కు

డాక్‌గారక్ లాకు దాటి ఊరి అంచుకి వస్తే టామ్‌నహూరిక్ వంతెన. దాని తర్వాత మ్యూర్‌టౌన్ నాలుగు లాకులు, ఇంకో రోడ్డు వంతెన, క్లాక్‌నహారీ లాకు, రైలు వంతెన, చివరగా సముద్రపు లాకు. ఇక్కడ మూడు గడియారాలు కలవాలి. ఆఫీసుల వేళ రోడ్డు వంతెనలు తెరవరు. సాయంత్రం లాకులు కట్టేస్తారు. పాటుకి సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు చివరి లాకు తెరవడం కుదరదు, బయట నీళ్ళుండవు. ఈ మూడింటికీ తోడు నాలుగోది, నార్త్ సీ మీద గాలి అనుకూలించే సమయం. అది మీ వంతెన కోసం ఆగదు. ఇది ఎవరి తప్పూ కాదు, ఊరివాళ్ళు ఆఫీసులకి వెళ్ళాలిగా. కానీ సముద్రం దాటబోయే పడవకి ఇది టెన్షనే, ఆ ఒక్క మార్కు తగ్గించింది అందుకే. మందు ఒకటే. వాతావరణం చూసి కాలువ దాటకండి. ముందురోజే కాలువ దాటేసి, బయట ఇన్వర్‌నెస్ మెరీనాలో కూర్చుని వాతావరణం చూడండి. మేం అదే చేశాం.

ఆ చివరి సముద్రపు లాకు మాత్రం నాకు కాలువ మొత్తంలోకీ ఇష్టమైన పని. తీరం అక్కడ బురద. ఎంత తవ్వినా పూడిపోయే బురద. టెల్ఫర్డ్ ఏం చేశాడంటే, సముద్రంలోకి నాలుగు వందల గజాల దాకా మట్టి పోసుకుంటూ కట్ట వేసి, దాన్ని తన బరువుకి తానే కుంగి గట్టిపడనిచ్చాడు. ఆ తర్వాత ఆ గట్టిపడ్డ మట్టిలో లాకు గొయ్యి తవ్వి రాయి కట్టాడు. డెల్టా బురదలో పునాదులు తీసినవాళ్ళకి ఆ ఓపిక విలువ తెలుస్తుంది. నాన్న ఆ వీడియో నాలుగు వైపుల నుంచీ తీయించుకున్నారు.

సముద్రం గురించి క్లుప్తంగా చెప్తాను. కెస్సాక్ వంతెన కింద నుంచి పోటు చూసుకుని బయటపడ్డాం. చానన్రీ పాయింట్ దగ్గర డాల్ఫిన్లు కనిపించాయి. ఆ తర్వాత మోరే ఫర్త్‌లో గాలిమరల వరుసలు, వాటి వెనక రాత్రంతా వెలిగే చమురు ప్లాట్‌ఫారాలు. వాటికి 500 మీటర్ల లోపలికి వెళ్ళకూడదు. స్టావంగర్ 300 నాటికల్ మైళ్ళ పైనే. గంటకి ఐదు చొప్పున లెక్కేస్తే రెండున్నర, మూడు రోజులు. పంపు కారలేదు, తలగడ తడవలేదు. మావారు మొదటి రాత్రి మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టలేదు గానీ తన కాపలా వంతు ఒక్కటీ వదల్లేదు.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు నార్వేకి షెంగెన్ వీసా ముందే తీసుకోవాలి, పడవలో వెళ్ళినా అంతే. బయల్దేరేముందు బ్రిటన్ బోర్డర్ ఫోర్స్‌కి ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. కాలువకైతే పొడుగు తాళ్ళు నాలుగు, రెండు పక్కలకీ సరిపడా ఫెండర్లు (గోడకి రాసుకోకుండా పడవకి వేలాడదీసే మెత్తలు), ప్రతి ఒక్కరికీ తోలు గ్లోవ్స్ తీసుకెళ్ళండి.

సొంత యాట్ లేనివాళ్ళు బెంగపడక్కర్లేదు. ఈ కాలువ మీద గదులు, వంటిల్లు ఉన్న పడవలు వారానికి అద్దెకిస్తారు. లైసెన్స్ అడగరు, ఎలా నడపాలో బయల్దేరేముందు నేర్పిస్తారు. సముద్రంలోకి మాత్రం వెళ్ళనివ్వరు, వాళ్ళకి కాలువ, సరస్సులు అంతే. పెద్దవాళ్ళు వస్తే బానవీలో కారు ఆపి మెట్ల పక్కన కూర్చోబెట్టండి, పైసా ఖర్చు లేదు. మే నెల మంచిది. జులై, ఆగస్టు అయితే లాకుల దగ్గర పడవల వరస, సాయంత్రం గాలి పడిపోగానే కంటికి ఆనని దోమలు. తలకి కట్టుకునే వల ఒకటి కొనుక్కుని వెళ్ళండి, కార్పాక్ దాకా వచ్చాక వెతుక్కోకుండా.